తొలితరం బ్రిటిష్ డీజిల్ లోకోల చిరునామా: ఈస్ట్ లాంకషైర్ రైల్వే డీజిల్ గాలాపై సమీక్ష

బ్రిటన్‌లో తొలితరం మెయిన్‌లైన్ డీజిల్ లోకోలను చూడదలచినవారు సాధారణంగా ముందుగా యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియానికి వెళ్తారు. అది సబబైన నిర్ణయమే. అక్కడ ప్రవేశం ఉచితం, లోకోలు శుభ్రంగా ఉంటాయి, చరిత్ర పలకల మీద స్పష్టంగా రాసి ఉంటుంది. కానీ డీజిల్ లోకోను ఆపి ఉంచినప్పుడు అందులో సగం కంటే తక్కువే మనకు తెలుస్తుంది. ఆవిరి ఇంజిన్‌కైతే చక్రాలు, కడ్డీలు, పొగగొట్టం అన్నీ బయటికి కనిపిస్తాయి. డీజిల్ లోకో మాత్రం తన పనితనమంతా రేకుల వెనక దాచుకుంటుంది, అది నడిచినప్పుడు వచ్చే శబ్దమే దాని పరిచయం. అందుకే మాంచెస్టర్‌కు ఉత్తరాన, బెరీ పట్టణం కేంద్రంగా నడిచే వారసత్వ రైల్వే అయిన ఈస్ట్ లాంకషైర్ రైల్వే ఏటా జరిపే డీజిల్ గాలాను, అంటే పాత డీజిల్ లోకోలతో రైళ్లు నడిపే ఉత్సవాన్ని, ఈ సమీక్షకు ఎంచుకున్నాను. ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారు ఒక్క చోటికే వెళ్లగలిగితే ఇక్కడికే వెళ్లాలని నా అభిప్రాయం. అందుకు కారణం లోకోలు ఇక్కడ నడవడం ఒక్కటే కాదు. విజయవంతమైన లోకోల పక్కనే విఫలమైన లోకోలను కూడా చూడగలిగే చోట్లు చాలా తక్కువ, వాటిలో ఇది ముఖ్యమైనది.

ఆ మాట అర్థం కావాలంటే ఈ లోకోలు ఎలా పుట్టాయో కొంత తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ రైల్వేలు ఇంకా బొగ్గు మీదనే నడుస్తున్నాయి. ఎల్‌ఎంఎస్ (లండన్, మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్) రైల్వే కంపెనీలో హెచ్. జి. ఐవట్ ఆధ్వర్యంలో, ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ తయారు చేసిన 1,600 అశ్వశక్తి ఇంజిన్‌తో, డెర్బీ వర్క్‌షాపు నుంచి 10000 అనే లోకో 1947 డిసెంబరులో బయటికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే, 1948 జనవరి 1న, రైల్వేలు జాతీయమయ్యాయి. దాని జోడు 10001 అదే ఏడాది పట్టాలెక్కింది. రెండూ కలిసి లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే రాయల్ స్కాట్ రైలును లాగాయి. దక్షిణ ప్రాంతంలో ఆలివర్ బులీడ్ రూపకల్పనలో 10201, 10202 వచ్చాయి, వాటి వెనక 1954లో 2,000 అశ్వశక్తితో 10203 వచ్చింది. ఈ ఐదింటిలో ఒక్కటీ నేడు లేదు. 1968లో అన్నిటినీ తుక్కు కింద కోసేశారు. ఆవిరి యుగం ముగిసిన ఏడాదిలోనే, ఆవిరి స్థానాన్ని ఆక్రమించిన తరానికి మూలపురుషులు కూడా కనుమరుగయ్యాయి. అప్పటి అభిమానుల చూపంతా ఆవిరి ఇంజిన్ల మీదనే ఉంది, డీజిల్‌ను వాటి శత్రువుగా చూశారు. తుక్కు వ్యాపారికి పోతున్న 10000ను ఆపడానికి సమయానికి ఎవరూ ముందుకు రాలేదు.

1955లో ప్రకటించిన ఆధునికీకరణ ప్రణాళిక విలువ 1,240 మిలియన్ పౌండ్లు. అందులో భాగంగా ప్రయోగాత్మక పథకం కింద 174 డీజిల్ లోకోలకు ఆర్డరు ఇచ్చారు. ఒకే నమూనాను నమ్ముకోకుండా వేర్వేరు కంపెనీల నుంచి వేర్వేరు ఇంజిన్లు, వేర్వేరు చోదక వ్యవస్థలు తెప్పించి, కొన్నేళ్లు నడిపి చూసి, నెగ్గిన వాటినే పెద్ద సంఖ్యలో కొనాలన్నది మొదటి ఆలోచన. అది మంచి ఆలోచన. అయితే నష్టాలు పెరుగుతుండటంతో ఆ పరీక్ష ముగిసేదాకా ఆగే ఓపిక యాజమాన్యానికి లేకపోయింది. మొదటి లోకోలు సరిగా నడుస్తాయో లేదో తేలకముందే వందల సంఖ్యలో ఆర్డర్లు వెళ్లాయి. 1957 జూన్‌లో వచ్చిన డి8000 నెగ్గింది. దాని తరగతి లోకోలు 228 తయారయ్యాయి, వాటిలో కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన డి5500 తరగతి లోకోల మిర్లీస్ ఇంజిన్లలో పగుళ్లు కనిపించాయి. చివరికి ఆ తరగతి మొత్తానికీ ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ ఇంజిన్లు అమర్చవలసి వచ్చింది. 1958 ఏప్రిల్ 18న లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నారిచ్‌కు తొలి పరుగు తీసిన డి200 తరగతి కూడా నిలదొక్కుకుంది. డి8000, డి5500, డి200 మూడూ నేడు జాతీయ రైల్వే మ్యూజియం చూసుకునే జాతీయ సేకరణలో ఉన్నాయి. ఇవి మొదటివి, పేరున్నవి, కాబట్టి దాచారు. మ్యూజియం చేసిన ఈ ఎంపికను నేను తప్పు పట్టను. కానీ ఆ మూడింటినే చూసి ఇంటికి వెళ్లినవారికి ప్రయోగాత్మక పథకం సాఫీగా సాగిందనే భావన కలిగే ప్రమాదం ఉంది.

బెరీలో ఆ భావన నిలవదు. బోల్టన్ స్ట్రీట్ స్టేషనుకు దగ్గరలోనే బారన్ స్ట్రీట్‌లో ఈ రైల్వే లోకో వర్క్‌షాపు ఉంది. ఇక్కడ చేరిన తొలితరం లోకోల చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక విచిత్రమైన పోలిక బయటపడుతుంది. వాటిలో చాలా వాటిని కాపాడింది అభిమానుల ముందుచూపు కాదు, రైల్వే శాఖ అప్పగించిన రెండో ఉద్యోగం. రైళ్లు లాగే పని నుంచి తప్పించాక, వేరే పనికి అవసరమై పక్కన పెట్టుకున్నందువల్లే అవి కొన్నేళ్లు అదనంగా బతికాయి. ఆ కొన్నేళ్లలో డీజిల్ సంరక్షణ అనే ఆలోచన పుట్టి పెరిగింది.

వీటన్నిటిలో నా దృష్టిలో అత్యంత విలువైనది డి5705. మెట్రోపాలిటన్-వికర్స్ సంస్థ 1958, 1959లలో తయారు చేసిన 20 లోకోల తరగతిలో మిగిలింది ఇది ఒక్కటే. దాని కింద ఒక చివర చక్రాల చట్రంలో మూడు ఇరుసులు, రెండో చివర రెండు ఇరుసులు ఉంటాయి. బ్రిటిష్ మెయిన్‌లైన్ మీద ఇలాంటి అమరిక మరే తరగతికీ లేదు. లోపల ఉన్న క్రాస్లీ ఇంజిన్, ఆవిరి బాయిలరు కలిసి బరువు ఒక వైపుకు మొగ్గడం వల్ల ఆ వైపు అదనపు ఇరుసు అవసరమైంది. ఆ రోజుల్లో రైలు పెట్టెలను ఆవిరితోనే వేడి చేసేవారు కాబట్టి ప్రయాణికుల రైళ్లు లాగే డీజిల్ లోకోలు కూడా ఒక చిన్న బాయిలరును మోసుకు తిరగవలసి వచ్చేది.

ఆ క్రాస్లీ ఇంజిన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ లోకో కథంతా అందులోనే ఉంది. ఎనిమిది సిలిండర్లు, 1,200 అశ్వశక్తి, రెండు స్ట్రోకుల పద్ధతి. టర్బోఛార్జరు అవసరం లేకుండా, ఒక సిలిండరు నుంచి వెలువడే వ్యర్థ వాయువుల ఒత్తిడి తరంగాన్నే వాడుకొని పక్క సిలిండరులోకి గాలిని మరింత దట్టంగా నింపే ఏర్పాటు అందులో ఉంది. కాగితం మీద అది చాలా తెలివైన ఆలోచన, కదిలే భాగాలు తక్కువ కాబట్టి చెడిపోయేవీ తక్కువే ఉండాలి. నిలకడగా ఒకే వేగంతో నడిచే నౌకల్లో, స్థిర యంత్రాల్లో అలాంటి ఇంజిన్‌కు ఇబ్బంది ఉండదు. రైలు పని అలాంటిది కాదు. క్షణంలో పూర్తి శక్తి, మరుక్షణం ఖాళీ నడక, ఆపైన నిరంతరం కుదుపులు. పట్టాల మీద అది మొండికేసింది, విపరీతంగా పొగ చిమ్మింది. ఇదే క్రాస్లీ ఇంజిన్‌తో ఐర్లండ్ రైల్వేలకు వెళ్లిన 60 లోకోలకు కూడా తర్వాత అమెరికన్ జనరల్ మోటార్స్ ఇంజిన్లు అమర్చారు. లోపం ఒక్క బ్రిటిష్ తరగతిలోనే లేదనడానికి అది సాక్ష్యం. బ్రిటన్‌లో మరో ఇబ్బంది కూడా తలెత్తింది. డ్రైవరు గది ముందు భాగంలో వంపు తిరిగిన అద్దాలు ప్రయాణంలో ఊడిపడేవి. 1961లో ఈ తరగతిని మరమ్మతుల కోసం తయారీదారు దగ్గరికే తిప్పి పంపారు, అద్దాలు మార్చారు.

ఇన్ని లోపాలున్న ఈ తరగతికే ఆనాటి అత్యంత ఆధునికమైన సరుకు రైలును అప్పగించారు. 1959 మార్చి నుంచి లండన్‌లోని హెండన్‌కూ గ్లాస్గోలోని గుషెట్‌ఫాల్డ్స్‌కూ మధ్య రాత్రిపూట నడిచిన కాండోర్ అనే కంటైనర్ రైలు అది. జంటగా కలిపిన రెండు కో-బో లోకోలు (మూడు, రెండు ఇరుసుల అమరిక వల్ల ఈ తరగతికి వచ్చిన పేరు) దాన్ని లాగేవి. ఈనాడు ప్రపంచమంతా కంటైనర్ల మీద నడుస్తోంది. ఆ మార్పు బ్రిటన్ పట్టాల మీద మొదలైన దశను చూపించగల లోకో డి5705 ఒక్కటే. 1968కల్లా తరగతి మొత్తాన్ని తొలగించినా, డి5705ను డెర్బీలోని పరిశోధనా విభాగం తన పరీక్షా రైళ్లకు తీసుకుంది. ఆ తర్వాత నిలిపి ఉంచిన పెట్టెలను వేడి చేసే యంత్రంగా దాన్ని వాడారు. నాడు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ చిన్న ఉద్యోగమే దాని ప్రాణం నిలబెట్టింది. 1990ల చివరలో అది బెరీకి చేరింది. అప్పటి నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు దాని మీద పనిచేస్తున్నారు. దాన్ని చూసే అవకాశం దొరికితే ముందు నుంచి కాక పక్క నుంచి చూడండి. రెండు చివర్లలో చక్రాల అమరికలో ఉన్న తేడా అప్పుడే కంటికి ఆనుతుంది, ఆ తేడాలోనే ఆ నమూనా పడ్డ ఇబ్బంది అంతా కనిపిస్తుంది.

డి8233 కథ కూడా అలాంటిదే. బ్రిటిష్ థామ్సన్-హూస్టన్ సంస్థ పేరుతో వచ్చిన, 800 అశ్వశక్తి పాక్స్‌మన్ ఇంజిన్ గల 44 చిన్న లోకోలలో మిగిలింది ఇదొక్కటే. 1971 నాటికి ఆ తరగతి పని ముగిసింది, నాలుగింటిని మాత్రం పెట్టెలు వేడి చేసే యంత్రాలుగా మార్చారు. ఆ నాలుగింటిలో ఒకటి ఇది. సల్జర్ ఇంజిన్ గల డి5054 కూడా అదే పని చేసి బతికి బయటపడింది. దాని తరగతిలో 151 తయారైతే నేడు నాలుగే ఉన్నాయి.

డి832 ఆన్‌స్లాట్ వేరే కోవకు చెందినది, దాని దగ్గర కొంతసేపు ఆగడం అవసరం. దేశమంతా డీజిల్-ఎలక్ట్రిక్ వైపు మొగ్గు చూపుతుంటే బ్రిటిష్ రైల్వేల పశ్చిమ ప్రాంతం మాత్రం జర్మన్ వి200 నమూనాను అనుసరించి డీజిల్-హైడ్రాలిక్ దారి ఎంచుకుంది. ఇంజిన్ శక్తిని విద్యుత్తుగా మార్చి మోటార్లకు పంపే బదులు, నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టర్ ద్వారా నేరుగా ఇరుసులకు అందించడం ఈ పద్ధతి. బరువైన జనరేటరు, మోటార్లు ఉండవు. దాని ఫలితం అంకెల్లోనే తెలుస్తుంది. స్విండన్‌లో తయారైన ఈ వార్‌షిప్ తరగతి లోకో రెండు మేబాక్ ఇంజిన్లతో 2,200 అశ్వశక్తి ఇచ్చి దాదాపు 78 టన్నులు తూగేది. డి200 తరగతి లోకో 2,000 అశ్వశక్తి ఇచ్చి 133 టన్నులు తూగేది. అంత తేలికైన యంత్రాలు పనికిరానివై పోలేదు. దేశమంతటా ఒకే రకం లోకోలు ఉండాలన్న విధానానికి అవి బలయ్యాయి, మెయిన్‌లైన్ హైడ్రాలిక్ లోకోలలో చివరివి 1977లో విశ్రాంతి తీసుకున్నాయి. ఆన్‌స్లాట్ 1972లో పని మానాక డెర్బీ పరిశోధనా విభాగానికి వెళ్లింది. అక్కడి నుంచే సంరక్షకుల చేతికి వచ్చింది. అదే హైడ్రాలిక్ కుటుంబానికి చెందిన హైమెక్ డి7076, వెస్టర్న్ తరగతికి చెందిన డి1041 వెస్టర్న్ ప్రిన్స్ కూడా బెరీ నివాసులే. ఈ మూడూ ఒకే రోజు టైంటేబులులో ఉంటే ఆ రోజును వదులుకోకండి.

ఇక ప్రయాణం విషయానికి వస్తాను. గాలా రోజున ఒకే టికెట్ మీద రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. అసలు ఆనందం అందులోనే ఉంది. ఒక లోకో వెనక వెళ్లి, దారి మధ్యలో దిగి, ఎదురుగా వచ్చే రైలుకు వేరే లోకో ఉందని చూసుకొని అందులో తిరిగి రావచ్చు. లైను పొడవు సుమారు 12 మైళ్లు. బెరీ నుంచి ఉత్తరాన ఇర్వెల్ నది లోయ వెంబడి ర్యామ్స్‌బాటమ్ మీదుగా రాటెన్‌స్టాల్ దాకా ఒక భాగం, తూర్పున హేవుడ్ దాకా మరో భాగం. పెట్టెలు ఎక్కువగా బ్రిటిష్ రైల్వేల మార్క్ 1 రకం, అంటే ఈ లోకోలు తమ యవ్వనంలో లాగిన పెట్టెలే. మొదటి పెట్టెలో, లోకోకు దగ్గరగా, కిటికీ పక్కన కూర్చోండి. గాలా రోజుల్లో ఆ చోటు కోసం ముందుగానే వరుసలో నిలబడవలసి ఉంటుంది, అయినా ఆ శ్రమకు ఫలితం ఉంటుంది.

నలభయ్యో తరగతి లోకో, అంటే డి200 తోబుట్టువు, బెరీ నుంచి రైలును కదిలించేటప్పుడు వినవలసిన శబ్దాలు రెండు. పదహారు సిలిండర్ల ఇంజిన్ నెమ్మదిగా, గుండెల్లో తగిలేలా మోగే చప్పుడు మొదటిది. దాని మీద టర్బోఛార్జర్ల నుంచి సన్నగా మొదలై వేగంతో పాటు పైకెక్కే ఈల రెండోది. ఈ ఈల వల్లే అభిమానులు ఈ తరగతిని విజిలర్లు అని పిలుస్తారు. డ్రైవరు కంట్రోలరు కాస్త పెంచినప్పుడు ముందు ఈల మారుతుంది, కాసేపటికి చప్పుడు మారుతుంది, ఆ తర్వాతే పెట్టెలు ఊపందుకుంటాయి. ఇంధనం పెరగడం, టర్బోఛార్జరు తిరిగే వేగం పెరగడం, జనరేటరు నుంచి ఆరు మోటార్లకు విద్యుత్తు అందడం అన్నీ ఆ కొద్ది క్షణాల్లో వరుసగా చెవికి తెలుస్తాయి. పుస్తకం చదివి డీజిల్-ఎలక్ట్రిక్ పద్ధతిని అర్థం చేసుకున్నవారికి కూడా ఇక్కడ అది మరొకసారి, మరింత లోతుగా బోధపడుతుంది. హేవుడ్ వైపు వెళ్లేటప్పుడు మెట్రోలింక్ ట్రామ్ లైనును దాటడానికి పట్టాలు ఒక్కసారిగా నిటారుగా పైకెక్కుతాయి. లోకో నిజంగా ఒళ్లు వంచి లాగేది అక్కడే. లైను మొత్తంలో ఒక్క చోట శ్రద్ధగా వినాలంటే ఆ ఎక్కుడే వినండి.

ఒక పరిమితిని ముందే చెప్పాలి. బ్రిటన్ వారసత్వ రైల్వేల మీద గరిష్ఠ వేగం సాధారణంగా గంటకు 25 మైళ్లు. నలభయ్యో తరగతి లోకోలను 90 మైళ్ల వేగానికి తయారు చేశారు, వార్‌షిప్‌లను కూడా ఎక్స్‌ప్రెస్ రైళ్ల కోసమే రూపొందించారు. కాబట్టి ఇక్కడ వినిపించేది వాటి బయలుదేరే శబ్దమే కానీ పరుగెత్తే శబ్దం కాదు. దాన్ని ఈ రైల్వే లోపంగా నేను చూడను, చట్టం విధించిన హద్దు అది. పూర్తి వేగంలో వినదలచినవారు మెయిన్‌లైన్ మీద అనుమతి పొంది నడిచే ప్రత్యేక రైళ్లకు వెళ్లాలి. నలభయ్యో తరగతి సంరక్షణ సంఘానికి చెందిన డి345 అలాంటి రైళ్లు లాగింది. అయితే ఆ రైళ్లలో ఒక రోజంతా ఒకే లోకోతో గడుస్తుంది, టికెట్ ధర కూడా చాలా ఎక్కువ. పోల్చుకునే అవకాశం కోరుకునేవారికి బెరీయే మేలు.

ఇలాంటి లోకోను నడిచే స్థితిలో ఉంచడానికి ఎంత శ్రమ పడాలో ప్రయాణికుడికి సాధారణంగా తెలియదు. ఆవిరి ఇంజిన్‌కు అవసరమైన భాగాన్ని మంచి వర్క్‌షాపులో పోత పోసి చెక్కుకోవచ్చు. డీజిల్ లోకోలో ఆ వెసులుబాటు తక్కువ. ఇంజెక్టర్లు, ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్లు, టర్బోఛార్జర్ల బేరింగులు, మోటార్ల తీగచుట్టలు, వందల రిలేలు, మైళ్ల పొడవు విద్యుత్ తీగలు ఉంటాయి, వాటిని తయారు చేసిన కంపెనీల్లో చాలా భాగం ఎప్పుడో మూతపడ్డాయి. ఆ కాలంలో వేడి, శబ్దం ఆపడానికి విరివిగా వాడిన ఆస్బెస్టాస్‌ను నిపుణుల చేత తీయించకుండా పని మొదలుపెట్టడం కుదరదు. ఇరవయ్యో (డి8000 రకం), ముప్పయ్యొకటో (ఇంజిన్ మార్చిన డి5500 రకం), ముప్పయ్యేడో, నలభయ్యో తరగతుల్లో ఒకే కుటుంబానికి చెందిన ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ ఇంజిన్లు ఉండటం సంరక్షకులకు దొరికిన వరం, ఒకదాని భాగాలు మరొకదానికి పనికొస్తాయి. క్రాస్లీకీ, మేబాక్‌కూ ఆ అదృష్టం లేదు. అందుచేత డి5705 పని దశాబ్దాలు పట్టడం చూసి ఎవరూ విసుక్కోనక్కరలేదు. వెతికినా విడిభాగాలు దొరకని ఇంజిన్‌ను, సెలవు రోజుల్లో వచ్చే కార్యకర్తలు, చందాల డబ్బుతో తిరిగి నిలబెడుతున్నారు.

రెండో ఉద్యోగం దొరకని లోకోలకు ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ ఆవిరి కాలంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందినది. డీజిల్‌లోకి మారడంలో దెబ్బతిని 1962లో మూతపడింది. అది బ్రిటిష్ రైల్వేలకు తయారు చేసిన మెయిన్‌లైన్ డీజిల్ లోకోలలో ఒక్కటీ నేడు మిగలలేదు. వేల్స్‌లోని బారీ తుక్కు యార్డు నుంచి అభిమానులు 213 ఆవిరి ఇంజిన్లను విడిపించుకున్నారు. అదే యార్డులో నార్త్ బ్రిటిష్ తయారు చేసిన డి601, డి6122 ఏళ్ల తరబడి తుప్పు పడుతూ పడి ఉన్నాయి. 1980లో వాటిని కోసేశారు. డీజిల్ సంరక్షణ అప్పటికే మొదలైంది, 1973లోనే డి821 గ్రేహౌండ్‌ను అభిమానులు కొన్నారు. కానీ ఉన్న కొద్దిపాటి చందాలతో నడిచే లోకోను కొనాలా, తుప్పు పట్టిన చట్రాన్ని కొనాలా అన్న ప్రశ్న వస్తే ఎవరైనా మొదటిదానికే మొగ్గుతారు. వాళ్లను నిందించలేను. ఆ నష్టం మాత్రం పూడ్చలేనిది. ఒక పెద్ద కంపెనీ ఎలా తడబడిందో చూపించే వస్తువు ఒక్కటీ లేకుండా పోయింది.

పోయినవాటిని తిరిగి తయారు చేసే ప్రయత్నాలలో రెండు చెప్పుకోదగ్గవి. 10000ను పునర్నిర్మించడానికి ఒక సంఘం ఏర్పడింది. చెస్టర్‌ఫీల్డ్ దగ్గరి బారో హిల్ లోకో షెడ్డులో, బేబీ డెల్టిక్ తరగతి లోకోను ఒక ముప్పయ్యేడో తరగతి లోకో శరీరాన్ని కుదించి తయారు చేస్తున్నారు. ఈ రెండోదాని మీద నాకు ఎక్కువ గౌరవం ఉంది. ఆ తరగతిలో పది లోకోలూ పోయినా వాటి నేపియర్ డెల్టిక్ ఇంజిన్ ఒకటి మిగిలింది, ఆ ఇంజిన్ చుట్టూనే కొత్త లోకో నిర్మాణం సాగుతోంది. శబ్దం అసలుదే అవుతుంది. పైన రేకు కొత్తదైనా, వినేవారికి అందేది 1959 నాటి యంత్రం పలికే మాటే. అదే కుటుంబానికి చెందిన ఇంకా పెద్ద డెల్టిక్ ఇంజిన్లు రెండింటితో, 3,300 అశ్వశక్తితో, 1955లో లేత నీలం రంగులో వచ్చిన తొలి డెల్టిక్ నమూనా జాతీయ సేకరణలో భద్రంగా ఉంది. త్రికోణాకారంలో అమర్చిన సిలిండర్లలో ఎదురెదురుగా కదిలే పిస్టన్ల ఆ ఇంజిన్ నౌకాదళపు వేగ పడవల నుంచి వచ్చింది. ఆ నమూనా ముందు నిలబడినప్పుడు అది మౌనంగా ఉండటమే నాకు లోటుగా తోస్తుంది. దాని శబ్దం కోసం దాని తర్వాతి తరం డెల్టిక్‌ల దగ్గరికి వెళ్లాలి. ఆ తరగతిలో 22 తయారయ్యాయి, ఆరు సంరక్షణలో ఉన్నాయి.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. మాంచెస్టర్ నుంచి మెట్రోలింక్ ట్రామ్‌లో బెరీ చేరి, అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే బోల్టన్ స్ట్రీట్ స్టేషను వస్తుంది. ఏ లోకో ఏ రైలుకు కడతారో రైల్వే ముందుగా ప్రకటిస్తుంది. ఇవి అరవై ఏళ్లు దాటిన యంత్రాలు కాబట్టి ఆఖరి నిమిషంలో మార్పులు తప్పవు. ఒకే ఒక లోకో కోసం వెళ్లేవారు ఆ రోజు ఉదయం మరొకసారి చూసుకొని బయలుదేరాలి. మామూలు రోజుల్లో కూడా ఈ లైను మీద రైళ్లు నడుస్తాయి కానీ వాటిలో ఆవిరి రైళ్లు ఎక్కువ. డీజిల్ కోసం వెళ్లేవారు గాలా తేదీలకే టికెట్ తీసుకోవాలి. పిల్లలతో వెళ్తే ఇంజిన్ శబ్దానికి వాళ్ల చెవుల మీద కాస్త శ్రద్ధ పెట్టండి, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. ఆ లోయలో సొరంగాలు ఉన్నాయి.

రోజంతా ప్రయాణించే ఓపిక లేనివారు ఉత్తరపు భాగంలో ర్యామ్స్‌బాటమ్ దాకా ఒకసారి, హేవుడ్ వైపు ఎక్కుడు మీద ఒకసారి వెళ్లి, మిగతా సమయం బోల్టన్ స్ట్రీట్ ప్లాట్‌ఫారం మీద గడిపినా సరిపోతుంది. లోకోలు మారడం, రైలు కట్టడం, చల్లారిన ఇంజిన్‌ను మొదలుపెట్టే ముందు నూనె పంపు తిప్పడం అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి, వినిపిస్తాయి. అక్కడ పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలను తీరిక చూసుకొని పలకరించండి. తమ లోకో ఏ బాయిలరు పని చేసి బతికిందో, ఏ పరీక్షా రైలు లాగిందో వాళ్లు సంతోషంగా చెబుతారు. బెరీ చూసి తృప్తి పడినవారు తర్వాతి సెలవుకు యార్క్, షిల్డన్ మ్యూజియాలు పెట్టుకుంటే మంచిది. జాతీయ సేకరణలోని లోకోలు ఈ రెండు చోట్ల మధ్య మారుతుంటాయి కాబట్టి డి200 కోసమో డెల్టిక్ నమూనా కోసమో వెళ్లేముందు అది ఎక్కడ ఉందో మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోవాలి.